రుమాలు కట్టిన తాళం చెవి

జూన్ 28
ఇవాళ గడియారం పెట్టి చూశాను. మూడో అంతస్తు నుంచి వీధి తలుపు తాళం చెవి ఉత్తిగా విసిరితే ఒకటి... ఒకటిన్నర... ఠంగు. రుమాలు నాలుగు కొసలకూ దారాలు కట్టి, గొడుగులా దాని కింద చెవిని వేలాడదీస్తే ఒకటి, రెండు, మూడు, నాలుగు. పెళ్లికూతురిలా దిగింది. రేవులో నాతో పనిచేసిన అప్పన్న కింద రెండు చేతులా పట్టుకుని ఎక్కి వచ్చాడు. టీ, రెండు బిస్కెట్లు, నా కబుర్లు. మోకాళ్లు నన్ను మెట్లు దిగనివ్వవు. ఈ కలకత్తా ఖిదిర్‌పూర్ మొత్తం మీద నా కబుర్లు వినేవాడు వాడొక్కడే మిగిలాడు.

జూన్ 29
కింది వాటాలోకి ఫిజిక్స్ లెక్చరర్ దిగాడు. గుంటూరు వైపు మనిషి. "బరువైనా తేలికైనా ఒకేలా పడతాయండీ, గాలి లేకపోతే."
గాలి లేకపోతే. గాలి లేని చోట ఈయన పాఠం వినడానికి ఎవరు బతికి ఉంటారో.

జూన్ 30
మెట్ల మీద పెన్నూ కాగితమూ కలిపి వదిలి చూపించాడు. కాగితం ఊగుతూ వెనకబడింది. "అది గాలి వల్లనండీ" అన్నాడు, తానే కనిపెట్టినట్టు. మరి నిన్నటి నుంచి నేను మొత్తుకుంటున్నదేమిటి.
నేను రేవులో క్రేన్‌కి చెయ్యూపే సిగ్నల్‌మన్‌గా ఉన్న రోజులు — పంచదార బస్తా జారింది, దాంతోపాటు అప్పన్న లెక్క కాగితమూ జారింది. బస్తా పడి, పగిలి, జనం చీమల్లా మూగాక కూడా కాగితం పైనే తిరుగుతోంది. అప్పన్న దాని వెనక పరుగు. దాన్నే ఉండ చుట్టి ఉంటే కాస్త అటూ ఇటూగా బస్తాతోనే పడేది. ఒక్క బరువే కాదు, ఎంత గాలిని తోసుకుంటూ రావాలన్నదీ లెక్కే. గాలి తోపు బరువుకి సమానమయ్యాక వేగం ఇక పెరగదు. ఇది నాకు ఫుట్‌పాత్ మీద కొన్న అట్టలేని పుస్తకం చెప్పింది. సగం చెదలు తిన్నాయి. లెక్చరర్ కంటే వాటికే ఎక్కువ తెలిసి ఉంటుంది.

జూలై 2
రెండో అంతస్తు బెంగాలీ వదినమ్మ, బౌదీ, ఇంత పొడుగు తాడు తెచ్చి ఇచ్చింది. "దొడి దియే నామాన్ నా, దాదా."
చెవిని తాడుతో దించాలట. రేవులో ముప్పై ఎనిమిదేళ్లు సరుకంతా తాళ్లతోనే దింపించాను. ఇంట్లోనూ తాడేనా. కుర్చీ మీద పడేశాను.

జూలై 5
వాన. రుమాలు పొద్దుటి నుంచి కటకటాల మీదే ఉండి తడిసింది. "బావా" అని కింద నుంచి అప్పన్న పిలుపు. విసిరాను. విచ్చుకోలేదు... చెవికి చుట్టుకుపోయింది. ఒకటి, ఒకటిన్నర. వాడు మొహం పైకెత్తి చూస్తున్నాడు.
కనుబొమ మీద. మూడు కుట్లు.
"ఇదేటి బావా, గొడుగన్నావు, గుండు ఇసిరినావు." నవ్వుతూ అనలేదు.

జూలై 6
రాలేదు.

జూలై 7
లెక్చరర్ పనిగట్టుకుని ఎక్కి వచ్చాడు. "తడి గుడ్డ విచ్చుకోదండీ. విచ్చుకోకపోతే గాలికి ఆనే వెడల్పు ఏదీ?"
నిజమే. ఆ నోటి నుంచి వినాల్సి రావడం.

జూలై 8
ఫోన్ చేశాను. అప్పన్న భార్య ఎత్తింది. "ఆయనకేటి, బాగానే ఉన్నాడు. కన్ను దక్కింది గదా, అన్నయ్యా." పెట్టేసింది.
బిస్కెట్లు మెత్తబడ్డాయి.

జూలై 9
లెక్చరర్‌కి గాలి తెలియదని రాశాను. నాకు నీళ్లు తెలియలేదు. రేవులో బతికినవాణ్ణి.

జూలై 11
ఎండ. పదింటికి "బావా."
వంగి చూశాను. మబ్బు తునక లేదు, వాడు గొడుగు తెరిచి నెత్తిన పట్టుకున్నాడు. మొహం కనిపించదు. వచ్చాడు... నమ్మి రాలేదు.
"రుమాలు ఆరినాదేటి?"
ఆరింది, గరగరలాడుతోంది. నాలుగు లెక్కపెట్టేలోగా పువ్వులా దిగుతుంది, నాకు తెలుసు. అయిదో తారీఖునా తెలుసనే అనుకున్నాను. బౌదీ తాడు కుర్చీ మీదే ఉంది. దాని కొస ఒకసారి చెవికి ముడేశాను. విప్పాను.
"ఏటి సేస్తన్నావు బావా, కాళ్లు పీకుతున్నాయి."
తాడో రుమాలో తేలక ఇది రాస్తున్నాను. కింద గొడుగు ఇంకా తెరిచే ఉంది.