బెల్లం అంటిన ఓణీ

సుజాత బాపుకు,

మీరు పోయి నేటికి ఏడాది. పొద్దున మీ ఫొటోకు దండ వేసి కొట్టు తెరిచాను. ఆ తర్వాత జరిగింది మీకు చెప్పకుండా ఉండలేను.

మన సుజాత చేతులు కడిగీ కడిగీ తోలు పగిలేది. "మడి గల పిల్ల" అని చుట్టాలు మెచ్చుకుంటుంటే మీరు కొబ్బరినూనె రాసేవారు. "బాపూ, నాకేమన్న అంటిందా?" అని అది అడిగినప్పుడల్లా "అంటలే బిడ్డా" అనేవారు. మీ తర్వాత ఆ మాట నా వంతైంది.

అది మడి కాదు, జబ్బని వరంగల్ పెద్ద దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. పిల్లకు మందులిచ్చి, నాకు పథ్యం పెట్టింది.

"అంటలే అని చెప్పొద్దమ్మా. గా మాట గూడ సబ్బు లాంటిదే. జరసేపు పనిజేస్తది, పిల్ల మళ్ల అడుగుతది."

పిల్ల ఏడుస్తుంటే నోరు కట్టేసుకున్నాను. మీరైతే ఒక్క పూట కూడా ఆ పథ్యం ఉండలేకపోయేవారు.

ఈరోజు గిరాకీ ఎక్కువుంటే సుజాత తనే ఎండకు కరిగిన బెల్లం విరిచి తూచింది. జిగట వేళ్లతో నీళ్ల బకెట్ వైపు చూసింది.

"అమ్మా, అంటిం..." అని ఆగింది. నేను పలకలేదు.

"అంటితే అంటనీ!" అని నవ్వి, చేతులు ఓణీకి తుడుచుకుని, హసన్‌పర్తి నుంచి వచ్చిన ముసలమ్మ వైపు తిరిగింది. "నీకేం గావాలె పెద్దమ్మా?"

ఆ ఓణీ మీ ఫొటో పక్కన దండెం మీదే ఉంది. చీమలు పడితే పట్టనీ, ఇవాళ నేను ఉతకను.