ఓడ పేరు రాసే చెయ్యి

ఏలూరు,
14-9-2009

షిప్పింగ్ ఆఫీసరు గారికి నమస్కారాలు.

మావారు రత్నం గారు పనిచేసే ఓడ నిషేధం ఉన్న దేశానికి దొంగచాటుగా సరుకు మోస్తోందని మీరు ఫోన్ చేశారు. మళ్లీ మీరే, నేను చెప్పిన పేరుతో ఓడే లేదన్నారు. మరి ఇన్ని ఆదివారాలు చర్చిలో ఏ ఓడ కోసం ప్రార్థన చేయించానో నాకు అర్థం కావడం లేదండి.

ఆయన తాడేపల్లిగూడెంలో షాపుల బోర్డులు రాసేవారు. పెయింటరు పని అని ఓడలోకి తీసుకెళ్లారు. మీరు ఫోన్ చేశాక ఆయన ఫోనులో చెప్పారు, రేవు దాటిన ప్రతిసారీ తనకి తాడు కట్టి కిందికి దించి, ఓడకి కొత్త పేరు రాయిస్తున్నారట. ఎందుకో ఆయనకీ చెప్పలేదట.

ఆయన రాసిన బోర్డు ఫోటో పంపుతున్నాను. ఇంగ్లీషు ఆర్ అక్షరానికి తోక పొడుగ్గా లాగడం ఆయన అలవాటు. ఓడ పేరు ఎన్నిసార్లు మారినా ఆ తోక మారదు. దాన్నిబట్టి వెతకండి.

ఇది చెప్పి ఆయన్ని ఇంటికి రప్పిస్తున్నానో, పోలీసులకు పట్టిస్తున్నానో తెలియడం లేదండి.

ఇట్లు,
ఆయన భార్య