కొత్త పికప్‌లు, అదే మొద్దు మోత

శనివారం రాత్రి, మేడ్చల్

కొన్ని నెలలుగా గిటార్ మొద్దుగా మోగుతోంది. తీగల కింద ఉండి శబ్దాన్ని పట్టే పికప్‌లు పాతబడ్డాయేమో అనుకున్నాను. ఇవాళ సుచిత్ర చౌరస్తాలోని గిటార్ల షాపుకు వెళ్లి, బాగా పదునుగా పలికేవి కావాలని అడిగి మరీ తెచ్చాను. సాయంత్రం పాతవి ఊడదీసి, వీటికి టంకం పెట్టి బిగించాను. వాయిస్తే మళ్లీ అదే మొద్దు మోత. షాపువాడు అంటగట్టాడని తిట్టుకుంటూ ఆంప్‌లో సన్నని స్వరాలను పెంచే ట్రెబుల్ మీట చివరిదాకా తిప్పాను.

వంటింట్లోంచి నా భార్య లత చెవులు మూసుకుని వచ్చింది.

"గదేంది? చెవులల్ల సూదులు గుచ్చినట్టున్నది. జర తగ్గియ్యరాదయ్యా!"

నాకు ఒక్క సూదీ తగల్లేదు. తీగ మీద చెయ్యి అలాగే ఆగిపోయింది.

ఇన్నేళ్లూ పెళ్లి బరాత్‌లలో డీజే బండెక్కి, స్పీకర్ డబ్బాలకు ఆనుకునే వాయించాను. రేపు శామీర్‌పేటలోనూ అదే బండి. రానని ఎలా చెప్పను? వేరే ఏ పని వచ్చు నాకు?

ఆంప్ కట్టేసి, పాత పికప్‌లు ఒళ్లో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. బయట ఎక్కడా చప్పుడు లేదు. కాస్త ప్రాణం కుదుటపడింది.

అంతలో లత అంది, "ఆ కిటికీ ముయ్యి. కీచురాళ్లు ఎట్ల మొత్తుకుంటున్నయో!"