వంత లేని క్యాసెట్

రాజన్నా,

రూమ్‌లో మనం అరిగిపోయేదాకా విన్న అమెరికా బ్యాండు గుర్తుందా? ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ముందుండి పాడే గడ్డపాయనతో నేను పాడేవాణ్ణి, వెనకవాళ్ళతో నువ్వు వంత అందుకునేవాడివి. ఇవాళ అల్ ఖువైర్ బజారులోని క్యాసెట్ల దుకాణంలో ఆయన కొత్త క్యాసెట్ కనబడింది. అట్ట మీద ఒక్కడే ఉన్నాడు.

"మిగిలినోళ్లు సచ్చిపోయిండ్రా భాయ్?" అని అడిగాను.

దుకాణంలోని హైదరాబాదాయన నవ్వాడు. "అందరు మంచిగనే ఉన్నరు. ఈయన ఒక్కడే సొంతంగ పాడిండు."

నాకు ఒళ్ళు మండిపోయింది. తోడువాళ్ళు బతికుండగా ఒంటరిగా ఎలా పాడాడు? నువ్వు సైట్‌లో కడుతున్న బిల్డింగు పైనుంచి పడి చనిపోయాక నేను ఒక్క పాటా పాడలేదు.

అయినా కొన్నాను. రూమ్‌లో పెట్టుకుని పాడుతున్నాను. నువ్వు అందుకోవలసిన చోటల్లా టేపు ఆపి ఎదురుచూస్తున్నాను. ఒక్కసారి అందుకో, రాజన్నా.