దర్జీ గారి ఎనిమిది శాతం

రక్తపరీక్షల కార్యాలయం వారికి,

మూడు రోడ్ల మొగలో పచ్చ తలుపుల దుకాణం దర్జీ నమస్కరించి రాసుకునేది.

మీరు పంపిన పెట్టె అందింది. అందులో ఒక సూది, కాస్త దూది, నాలుగు గుండ్రాలు గీసిన అట్ట, చీమల బారులాంటి అచ్చులో నియమాల పుస్తకం ఉన్నాయి. పుస్తకం చదవలేదు. నలభై రెండేళ్ళుగా సూదితో బతుకుతున్నవాణ్ణి, సూది ఎలా గుచ్చుకోవాలో పుస్తకం చూసి నేర్చుకున్నానంటే నలుగురూ నవ్విపోతారు.

సంగతేమిటంటే, నాలుగు నెలల కిందట డాక్టరు గారు నా గుండె విని, రక్తం చూసి, "మీ ఒంట్లో మంచి కొవ్వు తక్కువైంది. రోజూ చేపనూనె గోళీలు వేసుకోండి. తర్వాత రక్తంలో ఎంత చేరిందో కొలిపించండి. నూటికి ఎనిమిది ఉంటే నిశ్చింత" అన్నారు. అప్పుడు మా ఆవిడ పక్కనే ఉంది. అదే నా ఖర్మ. "ఎనిమిది వస్తే దుకాణం నడుపుకోండి. రాకపోతే తాళం వేసి మా తమ్ముడింటికి పోదాం, విశ్రాంతిగా ఉందురు గాని" అనేసింది. మా బావమరిది పాత పేపర్లు దాచుకుని రోజంతా పైకి చదువుతాడు, వాతావరణంతో సహా. కాబట్టి ఆ ఎనిమిది మీద నా బతుకు ఆధారపడి ఉంది. కాస్త జాగ్రత్తగా కొలవండి.

ఇట్లు,
దర్జీ

తా.క. అట్ట మీద నాలుగు గుండ్రాలున్నాయి. మా ఇంట్లో అన్నానికి కూర్చునేదీ నలుగురమే: నేను, మా ఆవిడ, మా అత్తగారు, దుకాణంలో కాజాలు కుట్టే మాస్టారు. తలా ఒకటి పంచుకున్నాం. ఇంత ముందుచూపుతో నాలుగు గీసినందుకు మా అత్తగారు మిమ్మల్ని మెచ్చుకుంది. ఆవిడ ఒకరిని మెచ్చుకోవడం నేను చూడటం ఇదే మొదలు.

*

దర్జీ గారికి,

కార్యాలయం తరఫున నమస్కారాలు.

మీ నమూనా పరీక్షించాం. మంచి కొవ్వు ఆమ్లాలు నూటికి తొమ్మిది పాయింట్ ఒకటి ఉన్నాయి. మీ వయసువారిలో ఇంత మంచి అంకె మా యంత్రం ఈ ఏడాది చూడలేదు. ఏదో పొరపాటని రెండోసారి కూడా కొలిచాం. అంతే వచ్చింది. అభినందనలు.

ఇట్లు,
ఉత్తరాల గుమాస్తా

తా.క. మా దగ్గర ఉత్తరాల ముందు పేజీ నేను చదువుతాను, వెనక పేజీ ఇంకో గుమాస్తా చదువుతాడు. ఆయన సెలవు నుంచి ఇవాళే వచ్చాడు. అయ్యా, నాలుగు వలయాలూ ఒకే మనిషికి. ఒకటి సరిగా నిండకపోతే ఇంకొకటి ఉంటుందని. మేము బాగా నిండినది ఒక్కటే కత్తిరించి కొలిచాం. అది పైవరసలో ఎడమవైపుది. అది ఎవరిది?

*

గుమాస్తా గారికి,

మీరు క్షేమమని తలుస్తాను. నేను కాదు.

మీ ఉత్తరం ముందు పేజీ చదివి, దుకాణం మెట్టు మీద నిలబడి, వీధి వీధంతా వినేలా "తొమ్మిది!" అని అరిచాను. ఇస్త్రీ ఆయన పెట్టె దించి చప్పట్లు కొట్టాడు. ఈలోగా మా ఆవిడ కాగితం తిప్పింది. "మరి ఎడమ గుండ్రం ఎవరిదట?" అంది. అప్పట్నుంచీ మా ఇల్లు కోర్టయిపోయింది.

చిక్కేమిటంటే, ఆ రోజు అట్టను బల్ల మధ్యలో పెట్టి నాలుగువైపులా నలుగురం కూర్చుని రక్తం వేశాం. ఎవరి ఎడమ వాళ్ళకుంది. మా అత్తగారు "నా రక్తం చిక్కన, నాదే నిండి ఉంటుంది" అంటోంది. కాజాల మాస్టారు ఎప్పుడూ నోరు విప్పడు, ఆయన కూడా గొంతు సవరించుకుని, "బడిలో కూడా నాకెవరూ తొమ్మిది వెయ్యలేదు. ఇది నాకుండనివ్వండి" అన్నాడు. మా ఆవిడ మాత్రం నా మొహంలోకి చూసింది.

ఇట్లు,
దర్జీ

తా.క. ఇది మీరొక్కరే చదవాలి. అందుకే వెనక పేజీ గుమాస్తా కంటపడకుండా ముందు పేజీ అంచున ఇరికించి రాస్తున్నాను. ఆ గోళీలు నేను ఒక్కటీ మింగలేదు. ఆ వాసనకి కడుపులో దేవుతుంది. మా ఆవిడ పొద్దున రెండు చేతిలో పెడుతుంది. నోట్లో వేసుకున్నట్టు చేసి జేబులో వేసుకుంటాను. దర్జీవాణ్ణి, జేబులకేం కొదవ? పారెయ్యడానికి మనసొప్పక, దుకాణంలో సూదితో పొడిచి కుట్టుమిషన్‌లో పోస్తున్నాను. మిషన్ వెన్నలా నడుస్తోంది. ఈమధ్య పిల్లులు కూడా వచ్చి మెట్ల మీద కూర్చుంటున్నాయి, ఎందుకో తెలియదు. కనక ఆ తొమ్మిది నాది కాదని నాకు తెలుసు. "ఎడమది దర్జీదే" అని ఒక్క ముక్క రాసి, ముద్ర కొట్టి పంపారంటే మీకు మంచి కోటు కుట్టి పెడతాను.

*

దర్జీ గారికి,

కార్యాలయం తరఫున నమస్కారాలు.

విషయం: కుట్టుమిషన్‌లో చేపనూనె.

"ఎడమది దర్జీదే" అనే ముద్ర మా దగ్గర లేదు. అట్ట మళ్ళీ తీసి చూశాం. ఎడమ వలయం పక్కన ముక్కుపొడి మరక ఉంది. మీ ఇంట్లో ముక్కుపొడి ఎవరు పీలుస్తారో మీకే తెలియాలి.

చేపనూనె యంత్రాలకు పనికిరాదని మా సాంకేతిక నిపుణుడు చెప్పమన్నాడు. మొదట జారుతుంది, ఆరాక బంకవుతుంది. మీ మిషన్ ఏదో ఒక రోజు బిగుసుకుపోతుంది.

కొత్త అట్ట జతచేశాం. ఈసారి నాలుగు వలయాలూ మీవే.

ఇట్లు,
ఉత్తరాల గుమాస్తా

తా.క. ఒక అట్ట మీద ఒకరికన్నా ఎక్కువమంది రక్తం ఉంటే, దాని గురించి రాసే ప్రతి ఉత్తరానికీ నకలు వాళ్ళందరికీ పంపాలి. ఇది మా పన్నెండో నియమం. అందుచేత ఈ ఉత్తరం నకళ్ళు మీ ఇంట్లో మిగతా ముగ్గురికీ విడివిడిగా పంపాం. మీరు రహస్యమన్నారు కాబట్టి కవర్లు మరింత గట్టిగా అంటించాం.

ఇంకో తా.క. మీ కోటు లంచం కిందికి వస్తుంది, వద్దు. మామూలుగా కుట్టించుకోవడానికి మాత్రం ఏ నియమమూ అడ్డు లేదు. నడుము ముప్ఫైనాలుగు.

*

కవర్లు గట్టిగా అంటించే గుమాస్తా గారికి,

నమస్కారం. చేసిన మేలు చాలు.

మూడు కవర్లూ ఒకేసారి వచ్చాయి. మా అత్తగారు తనది కాజాల మాస్టారు చేత రెండుసార్లు చదివించుకుంది. ముక్కుపొడి దగ్గరికి రాగానే "చూశావా!" అని నా కుర్చీలో కూర్చుంది. ఇంకా లేవలేదు. తొమ్మిది పాయింట్ ఒకటి మనిషిని లేవమని అనడానికి నాకేం హక్కుంది?

మా ఆవిడ తన కవరు విప్పి, చదివి, మడిచి, బీరువాలో పెట్టింది. వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నలభై ఏళ్ళ కాపురంలో ఇలా జరగలేదు. అరిచి ఉంటే బతికిపోయేవాణ్ణి. కాసేపటికి బయటికి వచ్చి, "కొత్త అట్ట వచ్చిందిగా, గుచ్చుకోండి" అంది. అంతే. తేలు కుట్టిన దొంగలా గుచ్చుకున్నాను. నాలుగు చుక్కలూ నావే. కాజాల మాస్టారు సాక్షి.

ఎంత వస్తుందో నాకు తెలుసు గనక కొలతల పుస్తకాలు కట్టలు కడుతున్నాను. నలభై రెండేళ్ళవి. కుర్రాళ్ళుగా వచ్చి తాతలైనవాళ్ళ నడుములన్నీ అందులో ఉన్నాయి. ఏ ఒక్కరికీ అరంగుళం తగ్గించి రాయలేదు, ఎంత బతిమాలినా సరే. అలాంటివాణ్ణి మిమ్మల్ని తప్పు కొలత రాసిమ్మని అడిగాను. రాసిన రోజు అనిపించలేదు గానీ, ఈ కట్టలు కడుతుంటే సిగ్గేస్తోంది. మన్నించండి.

ఇట్లు,
దర్జీ

తా.క. మీరన్నట్టే మిషన్ నిన్న బిగుసుకుపోయింది. ఒక పెద్దమనిషి చొక్కా చెయ్యి సగంలో ఉండగా.

ఇంకో తా.క. నడుము ముప్ఫైనాలుగు అని రాసేవాళ్ళెవరికీ ముప్ఫైనాలుగు ఉండదు. టేపు పెట్టి కొలిచి రాయండి.

*

దర్జీ గారికి,

కార్యాలయం తరఫున నమస్కారాలు.

రెండో అట్ట పరీక్షించాం. నాలుగు వలయాలూ విడివిడిగా కొలిచాం. నాలుగూ ఒకే మనిషివి, నాలుగింటా ఒకే అంకె: నూటికి ఎనిమిది పాయింట్ మూడు.

ఇట్లు,
ఉత్తరాల గుమాస్తా

తా.క. టేపు పెట్టాను. ముప్ఫైఅయిదు.

*

గుమాస్తా గారికి,

నమస్కారం. మీ ఉత్తరం తిప్పి పంపుతున్నాను.

మీది జాలిగుండె. నా సిగ్గు సంగతి చదివి మనసు కరిగి ఎనిమిది వేశారు. కానీ అది నాకెలా వస్తుంది? నా మిషన్‌కి ఎనిమిది పాయింట్ మూడు వచ్చిందంటే నమ్ముతాను, నాలుగు నెలలు తాగింది. నేను ఒక్క చుక్క తాగలేదు.

మీ కాగితం చేతిలో పట్టుకుని దుకాణంలో చాలాసేపు కూర్చున్నాను. మా ఆవిడకి చూపిస్తే చాలు, దుకాణం నాదే. రెండుసార్లు లేచాను, రెండుసార్లూ కూర్చున్నాను. నా మెడలో ఈ టేపు ఉండగా దొంగ కొలత చూపించి దుకాణం తలుపులు తీయలేను. మళ్ళీ కొలవండి. ఎంత ఉంటే అంతే రాయండి. బావమరిది పేపర్లు వినడానికి సిద్ధంగానే ఉన్నాను.

ఇట్లు,
దర్జీ

తా.క. మళ్ళీ కొలిచినా ఎనిమిది పాయింట్ మూడే వస్తే మాత్రం, మూడోసారి కొలవక్కర్లేదు.

*

గుమాస్తా గారికి,

ఆశీస్సులు. మీరు నాకన్నా పెద్దవారైతే నమస్కారాలుగా మార్చుకోండి. నేను ఆ దర్జీ గారి ఇంటావిడని.

ఆయన ఉత్తరాలు పోస్టులో వేసేది నేనే. ఆయన అంటించిన కవరు విప్పి మళ్ళీ అంటించేదీ నేనే. చదవకుండా ఎలా అంటిస్తాను? కాబట్టి మీరు నకలు పంపక ముందే మిషన్ సంగతి నాకు తెలుసు. అసలు మొదటి వారంలోనే తెలుసు. ఆయన చొక్కా జేబులు ఉతికేది ఎవరు? వీధిలో పిల్లులన్నీ ఒక్క దర్జీ దుకాణం మీదే ఎందుకు వాలుతాయి?

గోల చేస్తే జేబు మారుస్తారు తప్ప మింగరు. మొండిఘటం. అందుకని ఇంకో సీసా తెప్పించాను. రోజూ కూర దించాక, ఆయన వంతు గోళీలు అందులో పిండేదాన్ని. తింటే తెలిసిపోదా అంటారేమో. నాలుగు నెలలుగా దుకాణమంతా చేపనూనె కంపే. ఆ మిషన్ ముందు కూర్చుని క్యారియర్ విప్పే మనిషికి కూరలో వాసన ఏం తెలుస్తుంది? పైగా ఈమధ్య నా చేతివంట రుచి పెరిగిందన్నారు. మా అమ్మ అదే కూర మూడు పూటలా మారు వడ్డించుకుంటుంది. ఆ తొమ్మిది అలా వచ్చింది.

మీ నకలు వచ్చిన రోజు వంటింటి తలుపు వేసుకున్నది నవ్వు ఆపుకోలేక.

దుకాణం మూసేద్దామని నాకెప్పుడూ లేదు బాబూ. మా తమ్ముడి పేపర్లు నేను మాత్రం వినగలనా? డాక్టరు గుండె అనగానే నోటికొచ్చింది అనేశాను. పొద్దున్నే మెడలో టేపు వేసుకుని వీధి మలుపు తిరిగే ఆయన వీపు చూస్తేగాని నాకు రోజు మొదలవదు. ఆ వీపు ఇంకో పదేళ్ళు కనపడాలి. బెదిరించడానికి నా దగ్గర ఆ తాళం తప్ప ఇంకేముంది?

ఆయన తిప్పి పంపిన కాగితం ఇందులోనే ఉంది. "మళ్ళీ కొలిచాం, అంతే వచ్చింది" అని రాసి పంపండి. నిజమే కదా. మిషన్ బాగుచేయించాను. కొలతల కట్టలు విప్పేశాను.

ఇట్లు,
దర్జీ గారి ఇంటావిడ

తా.క. మొదటి అట్ట పారెయ్యకపోతే, దారప్పోగు అంటుకున్న గుండ్రం కాజాల మాస్టారుది. అదీ కొలిచి, ఎంత వచ్చినా ఆయన పేరున ఒక ఉత్తరం రాయండి. మీ నకలు ఇంకా దిండు కింద దాచుకున్నాడు. ఆయనకు ఉత్తరాలు రాసేవాళ్ళు లేరు.

ఇంకో తా.క. మీ నడుము ముప్ఫైఎనిమిది ఉంటుందని మా వారి అంచనా. కోటు ఆ కొలతకే కత్తిరించారు.

మరో తా.క. మీ పన్నెండో నియమం ఈ ఉత్తరానికి వర్తించదు. ఇందులో ఎవరి రక్తమూ లేదు.