మంత్రిగారి పెట్టెలో ఉత్తరం

అక్కకు, బావకు శంకర్ శనార్తులు. నీ మోకాలి నొప్పి ఎట్లుంది? నా మేనకోడలు లత అత్తారింట్లో మంచిగుందా? నా ఒంటికేం కాలేదు, ఆ సంగతి ముందే చెప్తున్నా. ఫోన్ ఉండగా ఉత్తరమేంటని కంగారు పడకు. ఫోన్‌లో నీ గొంతు వినగానే నా నోట అబద్ధమే వస్తుంది. అందుకే రాసి, లీవు మీద ఊరికొస్తున్న గంగన్న చేతికి ఇస్తున్నా.

ఇక్కడ ఫుట్‌బాల్ పోటీల కోసం ఊరంతా ముస్తాబవుతోంది. మేడల మీద ఆటగాళ్ల బొమ్మలు, రోడ్ల వెంట జెండాలు. మా స్టేడియం పని అయిపోవచ్చింది, ఒక్కొక్కరినీ ఇంటికి పంపిస్తున్నారు. ముఐథర్ అనే పేటలో మా రూములో ఎనిమిది మందిమి ఉండేవాళ్లం. ఇప్పుడు నేనూ, ఒక నేపాలీ పెద్దాయనా మిగిలాం. ఆయన మాట్లాడేదే తక్కువ. కుబ్బూస్ రొట్టె, పప్పు ముందేసుకుని ఎదురెదురుగా కూర్చుని తింటాం, లేస్తాం. ఎండను తట్టుకుంటున్నా గాని ఈ ఒంటరితనాన్ని తట్టుకోలేకపోతున్నా అక్కా.

నాతో నాలుగు మాటలు మాట్లాడేది ఒక్క ఇంజనీరు సారే. ఆస్ట్రియా దేశమాయన. రోజుకు ఆరుసార్లు చక్కెర లేని టీ తాగుతాడు, మధ్యాహ్నం పని ఆపగానే పాత కాగితాలు ముందేసుకుంటాడు. ఆయన ముత్తాతకు తాత నూటయాభై ఏండ్ల కింద అక్కడి రాజు దగ్గర మంత్రి అట. పదవి పోయాక చరిత్ర పుస్తకాలు రాశాడట. పాత ఉత్తరాలు వెతికి, ఏ దొర ఎక్కడ అబద్ధమాడాడో పట్టుకునేవాడట. ఇది చెప్పేటప్పుడు సారు గొప్ప చూడాలి, ఆ పుస్తకాలన్నీ తనే రాసినట్టు!

మొన్న మాత్రం మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. ఇంటి నుంచి తెప్పించిన పెట్టెలో ఆ మంత్రి తన చెల్లెలికి రాసిన ఉత్తరం దొరికిందట. చెల్లి పెండ్లికి జబ్బు చేసి పోలేకపోయానని ఆయన తన జీవితకథలో రాసుకున్నాడు. ఉత్తరంలో మాత్రం, జబ్బూ లేదు ఏమీ లేదు, అప్పుడే పదవి పోయింది, నలుగురిలో తలెత్తుకోలేక ఇంట్లో దాక్కున్నా అని ఉందట. అది విని, సారు ఇంకా తాగని టీని కూడా ట్రేలో పెట్టుకుని వచ్చేశాను.

అవునక్కా, ట్రేనే. నేను క్రేన్ ఎప్పుడూ నడపలేదు. ఆఫీసులో టీ ఇస్తాను. "పిల్ల మేనమామ గల్ఫ్‌ల క్రేన్ ఆపరేటర్" అని మీరు లత సంబంధం దగ్గర గొప్పగా చెప్పుకున్నారు. పెండ్లికి కంపెనీ లీవియ్యలేదని నీకు చెప్పింది అబద్ధం. లీవు ఇచ్చింది, టికెట్ కూడా చేతికొచ్చింది. నేనే రాలేదు. పెండ్లికొడుకు అన్న మా సైటులోనే పనిచేస్తాడు, నన్ను టీ ఇస్తుంటే చూశాడు. పందిట్లో అందరి ముందు అంటాడేమోనని భయపడ్డాను. పాపం, ఆయన ఇంతవరకు నోరు విప్పినట్టు లేదు.

లతను గంపలో కూర్చోబెట్టి పందిట్లోకి తేవాల్సింది నేను. మన చిన్నాయన కొడుకు నర్సన్న గంప పట్టాడని నువ్వు ఫోన్‌లో ఏడ్చావు. "ఆ కంపెనోడు మట్టిగొట్టుకపోను, నా తమ్ముణ్ణి రానియ్యలే" అన్నావు.  ఆ తిట్లు నాకు తగలాల్సినవి.

పోటీలు మొదలయ్యేలోపు నన్నూ పంపించేస్తారు. దిగగానే మీ ఇంటికే రావాలని ఉంది, నువ్వు గడప దాటనిస్తే. బావకు ఈ సంగతి నువ్వే చెప్పు, నాకు ధైర్యం లేదు. లతకు ఈ మామ దీవెనలు. నీ దీవెన అడిగే మొహం నాకు లేదు, అయినా అడుగుతున్నా.

గంగన్న పదిహేను రోజుల్లో తిరిగొస్తాడు. చింతకాయ తొక్కు పంపినా పంపకపోయినా, ఆయన చేతికి రెండు ముక్కలు రాసివ్వు. మంత్రికి చెల్లెలు ఏమని జవాబిచ్చిందని సారును అడిగాను. పెట్టంతా వెతికాడట, దొరకలేదట. నువ్వు తిట్టినా సరే, రాయక్కా.

నీ తమ్ముడు
శంకర్, టీ బాయ్