టీవీలో నా పెళ్ళి చీర రంగు

ఆదివారం రాత్రి, భవానీపురం

పెడన నుంచి మామయ్యగారు వచ్చి నాలుగు రోజులైంది. కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆయన మగ్గం జోలికి వెళ్ళడం లేదు. రంగులు సరిగా ఆనడం లేదేమోనని లోపల భయం.

ఈ మధ్యాహ్నం మా ఆయన ల్యాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కొత్త టీవీకి కలిపి మా పెళ్ళి వీడియో పెట్టారు. మామయ్యగారు కాసేపు చూసి, "అమ్మాయి చీర నేను నేసిన ఎరుపు కాదురా. వెలిసినట్టుంది," అన్నారు.

"ఇంత ఖరీదైన టీవీ నాన్నా. తేడా మీ కళ్ళల్లోనే ఉంది," అని మా ఆయన నవ్వారు.

"అయ్యుంటుందిలే," అని మామయ్యగారు తల దించుకున్నారు.

నాకు మనసొప్పలేదు. బీరువాలోంచి ఆ చీర తెచ్చి తెర పక్కన పట్టుకున్నాను. మామయ్యగారి మాటే నిజం. తెర మీద నల్లటి జుట్టు కూడా బూడిద రంగులో ఉంది. సెట్టింగ్స్‌లో వెతికితే సంగతి తెలిసింది. ల్యాప్‌టాప్ రంగుల్ని ఒక లెక్కలో పంపుతుంటే, టీవీ ఇంకో లెక్కలో అందుకుంటోంది. రెండూ ఒకటి చేయగానే ఎరుపు నిండుగా వచ్చింది.

"అదమ్మా, అదీ నా రంగు," అన్నారు మామయ్యగారు. మా ఆయన వెళ్ళి పక్కన కూర్చుని, తండ్రి చెయ్యి పట్టుకున్నారు.

నిజానికి ఇన్నాళ్ళూ నేనూ మామయ్యగారి కళ్ళనే అనుమానించాను. ఆ మాట ఆయనతో చెప్పాలో వద్దో...

సాయంత్రం మామయ్యగారు ఫోన్‌లో పెడన వాళ్ళతో, "బుధవారం వస్తన్నా, మగ్గానికి పడుగు సిద్ధం చెయ్యండి," అంటుంటే, పొయ్యి కట్టేసి మరీ విన్నాను.